మేత, మంట, మనిషి: రెండు లోకాల డ్రాగన్లు

చితి చల్లారాక మూడు డ్రాగన్ పిల్లలతో డెనేరిస్ లేచి నిలబడే ఘట్టం మన పాఠకుల్లో చాలామంది చదివిందే, లేదా టీవీలో చూసిందే. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవల ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 1996లో వచ్చింది. డ్రోగాన్‌నూ దాని తోబుట్టువులనూ ఇప్పుడు కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు. కానీ వాటికి దాదాపు మూడు దశాబ్దాల ముందే, 1967లో, ‘అనలాగ్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికలో మరో డ్రాగన్ జాతి రెక్కలు విప్పింది. ఆన్ మెకాఫ్రీ రాసిన ఆ పెద్దకథ పేరు ‘వెయర్ సెర్చ్’. దానికి 1968లో హ్యూగో అవార్డు వచ్చింది. కథాసాహిత్యానికి ఆ అవార్డు అందుకున్న మొదటి మహిళ మెకాఫ్రీయే. అదే ఏడాది వచ్చిన ‘డ్రాగన్‌ఫ్లైట్’ నవలతో పెర్న్ అనే ఆ గ్రహం కథలు స్థిరపడ్డాయి. ఈ రెండు జాతుల మీదా నాకు సమానమైన ప్రేమ ఉంది. ఇద్దరు రచయితలూ ముందు జంతువు ఒంటిని శ్రద్ధగా కల్పించారు. వాళ్ల లోకాల్లోని రాజ్యమూ నీతీ ఆ ఒంట్లోంచే పుట్టుకొచ్చాయి.

పెర్న్ డ్రాగన్ ఒక అవసరం కోసం పుట్టింది. ఆ గ్రహానికి పొరుగున తిరిగే ఎర్రతార దగ్గరపడ్డప్పుడల్లా ఆకాశం నుంచి ‘థ్రెడ్’ అనే వెండి పోగులు రాలతాయి. అవి నేలను తాకితే పైరు, పశువు, మనిషి, ఏదీ మిగలదు. సుమారు 50 ఏళ్లు ఆ వాన కురుస్తుంది, తర్వాత మామూలుగా 200 ఏళ్లు తెరపి. భూమి నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ మనుషులు ఈ ఆపదను ఎదుర్కోవడానికి, ఆ గ్రహం మీదే పుట్టిన ‘ఫైర్ లిజార్డ్’ అనే చిన్న ఎగిరే ప్రాణి జన్యువులను మార్చి డ్రాగన్లను తయారుచేశారు. ‘డ్రాగన్స్‌డాన్’ (1988) ఆ కథే. మార్టిన్ కల్పించిన వెస్టెరాస్ లోకపు డ్రాగన్ అలా కాదు. దాని పుట్టుక ఎవరికీ తేలని సంగతి. వలీరియా మాంత్రికులు వేరే జంతువులను కలిపి పుట్టించారేమోనని ఆ లోకపు పండితులు అనుమానిస్తారు, అంతే. పెర్న్ డ్రాగన్ పని కాపలా. వెస్టెరాస్ డ్రాగన్ మాత్రం చరిత్రలోకి వచ్చిందే దండయాత్రతో. ఏగాన్ అనే రాజు మూడు డ్రాగన్లతో వచ్చి ఏడు రాజ్యాల్లో ఆరింటిని లొంగదీశాడు.

అవయవాల లెక్కలో కూడా ఇద్దరూ వేరుపడతారు. మార్టిన్ డ్రాగన్‌కు రెండే కాళ్లు, ముందుకాళ్లే రెక్కలు. పక్షికైనా గబ్బిలానికైనా ప్రకృతి ఇచ్చింది అదే కాబట్టి, నాలుగు కాళ్లకు తోడు రెక్కలున్న డ్రాగన్ తనకు నమ్మశక్యంగా అనిపించదని ఆయన బహిరంగంగానే చెప్పాడు. పెర్న్ డ్రాగన్‌కు నాలుగు కాళ్లూ రెండు రెక్కలూ కలిపి ఆరు అవయవాలు. ఇది అశాస్త్రీయం అనిపించవచ్చు గానీ దాని మూలప్రాణి ఫైర్ లిజార్డ్‌కూ ఆరే. ఒక ప్రాణి ఒంటి కట్టు దాని పూర్వీకుల నుంచి రావాలన్న పరిణామ సూత్రాన్ని ఇద్దరూ పాటించారు. ఒకరు భూమి మీది పూర్వీకులను లెక్కలోకి తీసుకున్నారు, మరొకరు పరాయి గ్రహం మీది పూర్వీకులను. సూత్రం ఒకటే అయినా జంతువులు రెండయ్యాయి.

మంట దగ్గర ఈ తేడా ఇంకా లోతుకు వెళుతుంది. పెర్న్ డ్రాగన్ ఊరికే నిప్పు కక్కలేదు. దానికి రెండో పొట్ట ఒకటి ఉంది. నిప్పురాయి అనే ఖనిజాన్ని నమిలి మింగితే అక్కడ ఫాస్ఫీన్ వాయువు పుడుతుంది. ఆ వాయువు నోటి బయట గాలి తగలగానే అంటుకుంటుంది. యుద్ధం ముగిశాక మిగిలిన బూడిదను డ్రాగన్ కక్కేయాలి. అంటే అక్కడ మంట కూలి పనిలాంటిది: సరుకు కావాలి, శ్రమ పడాలి, తర్వాత శుభ్రం చేసుకోవాలి. పైగా నిప్పురాయి ఆడ డ్రాగన్లను గొడ్రాళ్లను చేస్తుంది. అందుకే గుడ్లు పెట్టాల్సిన బంగారు రాణి దాన్ని నమలదు. ఎప్పుడూ నమిలే ఆకుపచ్చ ఆడవి సంతానానికి దూరమవుతాయి. జాతిని కాపాడే పని ఒకరిదైతే జాతిని పెంచే పని మరొకరిది.

వెస్టెరాస్‌లో మంటకు ఏ లెక్కా లేదు. అక్కడ డ్రాగన్ తిన్న మాంసమూ దాని నిప్పూ ఒకే జీవశక్తి. పచ్చిమాంసాన్ని అది ముందు కాల్చుకుని తర్వాతే తింటుంది. డ్రోగాన్ మంట దాని ఒంటిలాగే నల్లన. ఆడా మగా అన్న విభజన కూడా అక్కడ నిలకడగా ఉండదు. ఇవాళ మగగా ఉన్నది రేపు గుడ్లు పెట్టవచ్చని ముసలి మేస్టర్ ఏమన్ చివరి రోజుల్లో గ్రహిస్తాడు. మెకాఫ్రీ మంటను రసాయనంగా రాస్తే, మార్టిన్ దాన్ని స్వభావంగా రాశాడు. మొదటిదాంట్లో పాఠకుడికి అర్థమైన ఆనందం ఉంది, రెండోదాంట్లో అర్థం కానిదాని ముందు నిలబడ్డ వణుకు ఉంది. మంచి ఫాంటసీకి రెండూ కావాలి.

ఎదుగుదలలో కూడా ఇదే వరస. పెర్న్ డ్రాగన్‌కు ఒక హద్దు ఉంది. మొదటి తరం గుర్రమంతే. తరతరానికీ పెద్దదయ్యేలా మనుషులు రూపకల్పన చేశారు గానీ, ఏ ఒక్క డ్రాగనూ బతికినన్నాళ్లూ పెరుగుతూ పోదు. వెస్టెరాస్ డ్రాగన్‌కు మేతా స్వేచ్ఛా ఉంటే చాలు, పెరుగుతూనే ఉంటుంది. 200 ఏళ్లు దాటి బతికిన బలేరియన్ నీడ పడితే ఊళ్లకు ఊళ్లు చీకటయ్యేవి. అదే జాతిని కింగ్స్ ల్యాండింగ్‌లో డ్రాగన్‌పిట్ కప్పు కింద గొలుసులతో కట్టేసరికి తరానికి తరం చిక్కిపోయింది. కోట నేలమాళిగలో టిరియన్ చూసిన పుర్రెల్లో చివరివి వేటకుక్క తలకన్నా పెద్దవి కావు. ఏగాన్ విజయం నుంచి లెక్కిస్తే 153వ ఏట చనిపోయిన ఆఖరి డ్రాగన్ రెక్కలు ముడుచుకుపోయిన ఒక ఆకుపచ్చ ప్రాణి.

ఇక బంధం. పెర్న్‌లో గుడ్డు పగిలిన క్షణంలోనే పిల్ల తన మనిషిని ఎంచుకుంటుంది. దాన్ని ‘ఇంప్రెషన్’ అంటారు. అక్కణ్నుంచి ఇద్దరి మనసుల మధ్య మాటలు నడుస్తాయి, ఒకరి ఆకలి ఇంకొకరికి తెలుస్తుంది. తాను ఎంచుకున్న మనిషి పోతే డ్రాగన్ బతకదు. వెలుగూ శబ్దమూ లేని ‘బిట్వీన్’ అనే చలిలోకి దూకి తిరిగిరాదు. డ్రాగన్ పోతే మనిషి బతకవచ్చు, కానీ సగమై బతుకుతాడు. లార్త్ అనే డ్రాగన్‌ను పోగొట్టుకున్న లైటోల్ పాత్ర ఆ సగం బతుకును ఎంత గౌరవంగా మోస్తుందో చదివితేనే తెలుస్తుంది. వెస్టెరాస్‌లో బంధానికి అంత గట్టి ముడి లేదు. ఏగాన్ తర్వాత బలేరియన్ మరికొందరిని మోసింది. వేగార్ అనే డ్రాగన్, తన మీద స్వారీ చేసిన లేనా చనిపోయాక, ఏమండ్‌కు లొంగింది. అలాగని అక్కడి డ్రాగన్‌కు మమకారం లేదనలేం. యుద్ధంలో పడిపోయిన వెర్మిథార్ అనే డ్రాగన్ రెక్కను సిల్వర్‌వింగ్ అనే మరో డ్రాగన్ ముక్కుతో పైకెత్తబోయిన ఘట్టం ‘ఫైర్ అండ్ బ్లడ్’ (2018)లో ఉంది. పెర్న్‌లోనూ అంతా మెత్తదనమే అనుకోకూడదు. ‘డ్రాగన్‌ఫ్లైట్’లో రాణి డ్రాగన్ రేమోత్ గుడ్డులోంచి తడబడుతూ వచ్చేటప్పుడు ఎదురుగా నిలబడ్డ అమ్మాయిలను చీరేస్తుంది. రాణి జతకట్టే వేళ డ్రాగన్ల ఆవేశం వాటి మనుషులను కూడా లాక్కుపోతుంది, వాళ్ల ఇష్టానిష్టాలతో పనిలేకుండా. ఆ విడదీయరాని దగ్గరితనానికి పెర్న్ చెల్లించే మూల్యం అది.

ఇంతవరకూ వేరుగా నడిచిన రెండు దారులు మేత దగ్గర కలుస్తాయి. ఇంత పెద్ద ప్రాణిని ఎవరు పోషించాలి? పెర్న్‌లో వెయర్ అనే కొండగుహల్లో ఉండే డ్రాగన్లకు కింద సాగుభూముల్లోని ‘హోల్డ్’లు పశువులనూ ధాన్యాన్నీ పన్నుగా పంపాలి. ‘డ్రాగన్‌ఫ్లైట్’ మొదలయ్యేసరికి మామూలు తెరపిని దాటి 400 ఏళ్లుగా థ్రెడ్ రాలలేదు. ఆరు వెయర్లలో ఒక్కటే మిగిలింది, అందులో ఒక్కటే రాణి. ఈ పనిలేని జంతువులను మేమెందుకు మేపాలని ప్రభువులు తిరగబడతారు. వెస్టెరాస్ కథలో మీరీన్ నగరపు గొర్రెల కాపరులు కాలిన ఎముకలు తెచ్చి డెనేరిస్ ముందు పోసి పరిహారం అడుగుతారు. ఒకరోజు ఆ ఎముకలు ఒక పసిపాపవి. ఆ పాప పేరు హజియా. అప్పుడు డెనేరిస్ తన రెండు డ్రాగన్లను చీకటి గుంతలో గొలుసులకు కట్టించింది. డ్రోగాన్ మాత్రం చిక్కలేదు. ఒకచోట ప్రజలు డ్రాగన్ అవసరాన్ని మరిచారు, మరోచోట రాజులు డ్రాగన్ స్వభావాన్ని మరిచారు. రెండుచోట్లా జాతి అంతరించే అంచుకు వచ్చింది.

రక్తం విషయంలోనూ ఇద్దరూ ఒకేలా ఆలోచించారు. ‘డ్రాగన్‌ఫ్లైట్’ నాయిక లెస్సా రువాథా వంశానికి మిగిలిన ఒక్కగానొక్క బిడ్డ, అంట్లు తోముతూ దాక్కుని బతికింది. డెనేరిస్ రాజ్యం పోగొట్టుకున్న వంశపు అమ్మాయి. ఇద్దరూ వంశబలంతోనే డ్రాగన్‌ను పొందినట్టు మొదట అనిపిస్తుంది. కానీ ఈ రచయితలు అక్కడ ఆగిపోలేదు. ‘ది వైట్ డ్రాగన్’ (1978) నాయకుడు జాక్సమ్, లైటోల్ పెంచిన కుర్రాడు. అందరూ వదిలేసిన ఒక చిన్న గుడ్డును ఆచారం కాదని తన్ని పగలగొట్టి, లోపలున్న తెల్లపిల్లను బయటికి తీశాడు. రూత్ అనే ఆ పిల్ల ఏ రంగు తెగకూ చెందదు, ఏ లెక్కలోకీ రాదు. వెస్టెరాస్‌లో నెటిల్స్ అనే అమ్మాయికి వంశమంటూ తెలీదు. ఆమె ప్రతి ఉదయం ఒక గొర్రెను తెచ్చి పెట్టి, అడవి డ్రాగన్ షీప్‌స్టీలర్‌కు తన మీద నమ్మకం కుదిరేదాకా ఆగింది. రాజరక్తం ఉందని చెప్పుకున్నవాళ్లలో ఎందరో అలాంటి ప్రయత్నంలో కాలిపోయారు.

జాక్సమ్ చేసిన పనీ నెటిల్స్ చేసిన పనీ పక్కపక్కన పెడితే రెండు లోకాలూ ఒకే మాట చెబుతున్నాయని నా నమ్మకం. పెర్న్‌లో బంధం జన్యువుల్లోనే రాసి ఉంది, అయినా అది ఒక చొరవ కోసం ఎదురుచూస్తుంది. వెస్టెరాస్‌లో అది ఎక్కడా రాసి లేదు, అందుకే రోజూ మేతతో, ఓపికతో కొత్తగా రాసుకోవాలి. మెకాఫ్రీ చదివినవాళ్లకు డ్రాగన్ ఒక తోడు. మార్టిన్ చదివినవాళ్లకు డ్రాగన్ ఒక ఆపద. ఒకదాన్నే చదివితే శక్తి గురించి సగమే తెలుస్తుంది. మనల్ని ప్రేమించే శక్తి కూడా మన ఇష్టాన్ని మింగవచ్చని పెర్న్ హెచ్చరిస్తుంది, మనల్ని భయపెట్టే శక్తి కూడా శ్రద్ధకు లొంగుతుందని వెస్టెరాస్ ధైర్యం చెబుతుంది. డెనేరిస్‌ను ఇష్టపడ్డ పాఠకులు లెస్సా దగ్గరికి వెళ్లాలని నేను కోరుకునేది అందుకే. అక్కణ్నుంచి తిరిగొచ్చి చదివితే, మీరీన్ గుంతలో గొలుసులు వేసింది కేవలం జంతువులకు కాదనీ, వాటిని పెంచాల్సిన బాధ్యతకనీ తెలుస్తుంది.