ఇంటి ఛాయాచిత్రములకు తగిన సాఫ్టువేరు

గుంటూరు ఇండ్ల కంప్యూటర్లలో మిరపకల్లములు, పెండ్లిపందిళ్లు, తాతగారి షష్టిపూర్తి చిత్రములు పేరుకొనుచున్నవి. వీనిని అమర్చు సాఫ్టువేరును హంగులనుబట్టి ఎన్నుకొనుట పొరపాటు. 2016లో గూగుల్ నిలిపివేసిన పికాసా వాడుటకు సులభము; కాని అందు కూర్చిన ఆల్బముల పట్టిక చిత్రములలో గాక ఆ సాఫ్టువేరు కడనే ఉండెడిది. ఉచితముగా లభించు డిజికామ్ మెనూలు క్రొత్తవారిని తికమకపెట్టును. అయినను, అమరికలలో కోరినచో, పేర్లను, వివరములను జేపెగ్ ఫైలులోనే వ్రాయును. జేపెగ్‌ను దిద్ది దాచిన ప్రతిసారి కొంత వివరము నశించును గనుక మూలమును ముట్టక నకలునే దిద్దవలెను. ఎన్నికకు పరీక్ష యొకటి కలదు: చిత్రమునకు తెలుగులో పేరు వ్రాసి, దాని నకలును వేరొక సాఫ్టువేరులో తెరచి చూడవలెను. పేరు కనబడనిచో, మొదటి సాఫ్టువేరు మూతపడిననాడు తాతగారి పేరును దానితో పోవును.