వాసెన కింద నేత

కొంబుచా అనే పులియబెట్టిన టీని పెంచేవాళ్ళ ఇంటికి వెళ్తే ముందుగా చూపించేది సీసాలో తేలే ఆ అట్టునే. లేత గోధుమ రంగు, వేలి మందం, ముట్టుకుంటే ముదురు తాటిముంజెలా జారుతుంది. దాన్ని ‘స్కోబీ’ అంటారు, ముద్దుగా ‘తల్లి’ అంటారు. రష్యాలోనూ జపాన్‌లోనూ దాని పేరుకు అర్థం ‘టీ పుట్టగొడుగు’. జపాన్ వాళ్ళను కొంబుచా అడిగితే మాత్రం సముద్రపు నాచుతో కాచిన వేరే పానీయం ఇస్తారు! ఇంతకీ అది పుట్టగొడుగు కాదు. తోడు కూడా అది కాదు. అసలు తోడు దాని కింద ఉన్న పుల్లటి టీలో ఉంది.

ఆ టీలో రెండు జాతులు కలిసి కాపురం చేస్తుంటాయి. ఒకటి ఈస్టు. పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టి, వాటిని తిని ఆల్కహాలునూ బుడగలనూ వదులుతుంది. రెండోది వెనిగర్ తయారుచేసే జాతి బ్యాక్టీరియా. ఈస్టు వదిలిన ఆల్కహాలును అది పులుపుగా మారుస్తుంది. ఒకరి వంటింటి వ్యర్థం మరొకరికి భోజనం. ఆ పులుపులో బయటి క్రిములు చాలావరకు బతకలేవు, ఈ రెండూ మాత్రం హాయిగా ఉంటాయి. కానీ ఆల్కహాలును పులుపు చేయాలంటే బ్యాక్టీరియాకు గాలి కావాలి. గాలి ఉండేది పైన. అందుకని అది పైన తేలే ఏర్పాటు తానే చేసుకుంటుంది.

ఆ ఏర్పాటే ఈ అట్టు. బ్యాక్టీరియా కణం పొడవునా వరసగా సన్నటి రంధ్రాలుంటాయి. గ్లూకోజును గొలుసులుగా గుచ్చి ఆ రంధ్రాల్లోంచి బయటికి వదులుతుంది. సన్నటి పోగులన్నీ కలిసి ఒక పట్టీ అవుతాయి. పట్టీ బయటికి వస్తుంటే కణం వెనక్కి జరుగుతూ పోతుంది. ఇలా లెక్కలేనన్ని కణాలు అడ్డదిడ్డంగా తిరుగుతూ నేసిన బట్ట అది. పోగు సెల్యులోజ్, అంటే పత్తిలో ఉన్న పదార్థమే. ఈ సంగతిని ఇంగ్లండులో బీరు తయారీ శాస్త్రం తెలిసిన ఏడ్రియన్ బ్రౌన్ 1886లోనే పరీక్షించి ప్రకటించాడు. ఫిలిప్పీన్స్‌లో కొబ్బరినీళ్ళ మీద ఇదే రకం నేత నేయించి, ముక్కలు కోసి, పాకంలో వేసి నాటా డి కోకో అని అమ్ముతారు. మగ్గం ఒక్కటే, నూలు పోసే చోటే వేరు.

నేత ఎలా సాగుతుందో సీసా పక్క నుంచి చూడొచ్చు. మూడో రోజుకు టీ మీద చల్లారిన పాల మీది పొరలాంటి మసక. దాని కింద చిన్న బుడగలు చిక్కుకుని ఉంటాయి. వారానికి మసక మచ్చలు ఒకదాన్నొకటి అందుకుని సీసా మూతి ఎంత ఉంటే అంత గుండ్రంగా అల్లుకుంటాయి. మధ్యలో సీసా కదిపితే పొర మునిగిపోతుంది, నేత మళ్ళీ మొదటికొస్తుంది. పాత అట్టు అడుగున పడినా దిగులక్కర్లేదు, పైన కొత్తది కడుతుంది.

ఇక చేతిపని. నా సీసా రెండు లీటర్లది, వెడల్పు మూతి గాజుది. లోహపు గిన్నెలు వద్దు, పూత ఉన్న ఊరగాయ జాడీలూ వద్దు; పులుపు ఆ పూతను కరిగించవచ్చు. లీటరున్నర నీళ్ళు మరగబెట్టి 10 గ్రాముల మామూలు టీ పొడితో డికాక్షన్ తీసి, వడగట్టి, 110 గ్రాముల పంచదార కరిగిస్తాను. యాలకులు, అల్లం కలిపిన మసాలా పొడి వద్దు, వాటి నూనెలు తోడుకు పడవు. బెల్లం వేద్దామని మనసు లాగుతుంది. కానీ బెల్లానికీ బెల్లానికీ తేడా, తోడు కుదురుకునేదాకా పంచదారే నయం. డికాక్షన్ పూర్తిగా చల్లారాక తోడు పోయాలి. పోయగానే రంగు తేలిపోతుంది. బ్లాక్ టీలో నిమ్మకాయ పిండితే తేలిపోతుందే, అదే సంగతి.

తోడు ఎంత పోయాలన్న దగ్గరే నేను దెబ్బతిన్నాను. పాలకు ఎండాకాలం చుక్క చాలు, చలికాలం గరిటెడు కావాలి అన్నది మన వంటిళ్ళలో అందరికీ తెలిసిన లెక్క. మే నెలలో అదే లెక్క ఇక్కడా వేసి, లీటరున్నర టీకి నాలుగు చెంచాల తోడు పోశాను. ఐదో రోజుకు పొర మీద రూపాయి బిళ్ళంత ఆకుపచ్చ బూజు. లెక్క ఎక్కడ తప్పిందంటే, పాలలో తోడు విత్తనం మాత్రమే, రాత్రికి రాత్రి పని ముగుస్తుంది. ఇక్కడ కొత్త టీ పులియడానికి రోజులు పడతాయి, అందాకా దానికి సొంత పులుపు లేదు. కాపలా కాయాల్సింది తోడులోని పులుపే. కాబట్టి ఏ కాలమైనా మొత్తంలో పదో వంతుకు తగ్గకూడదు. నేనిప్పుడు 250 మిల్లీలీటర్లు పోస్తున్నాను. పీహెచ్ కాగితంతో చూస్తే మొదట్లోనే 4.5 కంటే కిందికి రావాలి, తాగే వేళకు 3కు అటూఇటూ ఉంటుంది. ఎండాకాలం తగ్గించాల్సింది తోడును కాదు, రోజులను. చలికాలం రెండు వారాలు పట్టేది మేలో ఐదారు రోజుల్లో అయిపోతుంది.

మూతికి వాసెన కట్టాలి. మూత బిగిస్తే గాలి ఆగుతుంది, పల్చటి గాజుగుడ్డ కడితే అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలు దూరుతాయి. పాత నూలు పంచె ముక్క అన్నిటికన్నా మేలు.

పొర కింద గోధుమరంగు తీగలు వేలాడితే కంగారుపడి పారబోసేవాళ్ళున్నారు. అవి ఈస్టు, పారబోస్తే మంచి తోడును పోగొట్టుకున్నట్టే. బూజు ఎప్పుడూ పైనే పడుతుంది, పొడిగా, నూగుగా. ఆవకాయ మీద బూజు తీసేసి కిందిది వాడుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు. అట్టుతో సహా మొత్తం పారబోయాలి. ఆరోగ్యం గురించి చెప్పే గొప్పలు నేను లెక్కలోకి తీసుకోను. ఇందులో కాస్త ఆల్కహాలు ఉంటుంది. గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు తాగకపోవడమే మంచిది.

తర్వాతి విడతకు తోడు తీయడంలోనూ ఒక మెళకువ ఉంది. ఈస్టు అడుక్కి దిగుతుంది, బ్యాక్టీరియా పైన చేరుతుంది. ప్రతిసారీ అడుగుది తోడుగా వాడితే నాలుగైదు విడతలకు ఈస్టు పెత్తనం పెరిగి పొర పల్చబడుతుంది, నురుగు ఎక్కువవుతుంది. ఫ్రిజ్‌లో దాచినా బ్యాక్టీరియా మందగించి బూజుకు సందు దొరుకుతుంది. కాబట్టి వడగట్టే రోజున గ్లాసు తీసుకుని, అట్టు పక్కకు జరిపి, పైనుంచి తోడుకు కావలసినంత ముందే తీసి పక్కన పెట్టండి. రుచి చూడటం ఆ తర్వాత.