కంటితో కొలిచే నక్షత్రం

ఆర్ద్ర పేరు చెబితే రైతుకు వాన గుర్తొస్తుంది. జూన్ నాలుగో వారంలో కార్తె వస్తుంది, నాట్ల ముచ్చట మొదలవుతుంది. కానీ ఆ రోజుల్లో ఆర్ద్రా నక్షత్రం సూర్యుడి వెలుగులో కలిసిపోయి మన కంటికి ఆనదు. దాన్ని చూడాలంటే చలికాలం రావాలి. పుష్యమాసంలో రాత్రి పదింటికి డాబా ఎక్కితే దాదాపు నడినెత్తిన మూడు చుక్కలు ఒకే వరుసలో ఉంటాయి. వాటికి ఈశాన్యంగా ఎర్రగా మెరిసేదే ఆర్ద్ర. శాస్త్రవేత్తలు బీటెల్‌జ్యూస్ అంటారు.

నాకు ఏళ్లుగా ఉన్న అలవాటు, ఆ నక్షత్రం వెలుగును కంటితో కొలవడం. దూరదర్శిని అక్కర్లేదు. దీపాలన్నీ ఆర్పి, చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు ఆగాలి. ఆర్ద్రకు పడమటగా రోహిణి, తూర్పుగా ప్రోసియాన్ అనే నక్షత్రాలు ఉంటాయి. రోహిణి ప్రకాశం 0.9, ప్రోసియాన్‌ది 0.4. ఈ లెక్కలో అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. ఆ రెండింటితో పోల్చి ఆర్ద్ర ఎక్కడ నిలుస్తుందో తేల్చాలి. సరిగ్గా మధ్యలో ఉందనిపిస్తే 0.6 అనో 0.7 అనో రాసుకుంటాను.

చెప్పినంత తేలిక కాదు. ఎర్రటి నక్షత్రాన్ని తదేకంగా చూస్తే అది ఉన్నదానికంటే ఎక్కువగా వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. అందుకని ఒక్క చూపు చూసి వెంటనే కళ్లు తిప్పేయాలి. నేలకు దగ్గరగా ఉన్న చుక్క వెలుగును గాలి తినేస్తుంది కాబట్టి మూడూ బాగా పైకొచ్చాకే పోల్చాలి. అన్నిటికంటే కష్టం, నిన్న రాసిన అంకెను మనసులోంచి తీసేయడం. 1836లో ఖగోళశాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఈ నక్షత్రం వెలుగు మారుతుందని పసిగట్టింది కూడా ఇలా కంటితో పోల్చి చూసే.

2019 చివర్లో ఆర్ద్ర మసకబారడం మొదలైంది. జనవరి నాటికి నా పుస్తకంలో ‘రోహిణి కంటే బాగా తక్కువ’ అని రాసుకోవాల్సి వచ్చింది. ఫిబ్రవరికి మామూలు వెలుగులో మూడో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే మిగిలింది. పేలిపోతుందేమోనని లోకమంతా చెప్పుకుంది. తర్వాత పరిశోధనల్లో తేలింది వేరు. నక్షత్రం తన ఒంటి మీది పదార్థాన్ని భారీగా ఎగజిమ్మింది. అది చల్లారి ధూళిగా మారి మనవైపు వచ్చే వెలుగుకు అడ్డం పడింది.

ఆ ధూళి గురించే నేను చెప్పదలచుకున్నది. నక్షత్రాలు అలా వెదజల్లిన పదార్థంతోనే మనమూ తయారయ్యాం. 1,380 కోట్ల ఏళ్ల కిందట విశ్వం మొదలైనప్పుడు పుట్టిన పదార్థం దాదాపు అంతా హైడ్రోజన్, హీలియమే. మన ఎముకల్లో కాల్షియం, నెత్తుట్లో ఇనుము, పీల్చే ఆక్సిజన్ అప్పుడు లేవు. అవి నక్షత్రాల్లో తయారై బయటపడ్డాయని 1957లో శాస్త్రవేత్తలు బర్బిడ్జ్ దంపతులు, ఫౌలర్, హోయల్ కలిసి వివరంగా చూపించారు. సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు, ఇంకా దాదాపు 500 కోట్ల ఏళ్ల ఇంధనం ఉంది. అంతకు పది రెట్లకు పైగా బరువున్న ఆర్ద్ర మాత్రం పుట్టి కోటి ఏళ్లయినా కాకముందే చివరి దశకు చేరింది. బరువు ఎక్కువైతే నడిమి వేడి పెరిగి ఇంధనం అంత త్వరగా ఖర్చవుతుంది. ఏదో ఒకనాడు అది పేలి, తన కడుపులో వండినదాంట్లో చాలా భాగాన్ని ఆకాశంలోకి వెదజల్లుతుంది. రేపటి నక్షత్రాలకు, గ్రహాలకు అదే ముడిసరుకు.

విశ్వం మారడమంటే మన ఊహకు అందని కాలంలో జరిగే సంగతి అనుకుంటాం. ఆర్ద్ర మసకబారిన ఆ చలికాలం అలాంటి మార్పును మామూలు మనుషులు డాబా మీద నిలబడి కళ్లారా చూశారు. ఆర్ద్ర నుంచి వెలుగు మనకు చేరడానికి 500 నుంచి 700 ఏళ్లు పడుతుంది. అంటే ఆ ధూళి లేచింది విజయనగర రాజుల కాలం ప్రాంతంలో.

ఈ చలికాలం మీరూ మొదలుపెట్టండి. ఒక నోటుపుస్తకం చాలు. తేదీ, సమయం, దేనితో పోల్చారో, ఎంత అనిపించిందో రాయండి. వారాల తరబడి ఏ మార్పూ లేకపోయినా రాయండి. ఎవరో చెప్పిన అంకె రాయకండి, మీ కన్ను చూసిందే రాయండి. అలా నిజాయితీగా రాసిన ప్రతి వరుసా ఖగోళశాస్త్రానికి పనికొస్తుంది.