గీత రైట్‌ది, గోడ ఎవరిది?

న్యూయార్క్ నగరానికి ఉత్తరాన మహోపాక్ సరస్సులో పెట్రా అనే చిన్న దీవి ఉంది. దాని అప్పటి యజమాని చహ్రూదీ కోరిక మీద 1949-50 ప్రాంతంలో అమెరికన్ ఆర్కిటెక్టు ఫ్రాంక్ లాయిడ్ రైట్ అక్కడికో పెద్ద ఇల్లు గీసిచ్చాడు. ఖర్చు తాహతుకు మించడంతో చహ్రూదీ చిన్న కాటేజీతో సరిపెట్టుకున్నాడు. 1959లో రైట్ పోయాడు. తర్వాత దీవి కొన్నవారు, రైట్ పనిని లోతుగా చదివిన థామస్ హైంజ్ అనే ఆర్కిటెక్టును పెట్టుకుని, 2000 తర్వాత ఆ ఇల్లు కట్టించారు. ఇది రైట్ ఇల్లని ఒప్పుకోవడానికి రైట్ ఫౌండేషన్ ససేమిరా అంది. వ్యవహారం కోర్టుకెక్కి, ‘రైట్ ప్రేరణతో కట్టినది’ అని చెప్పుకోవచ్చన్న రాజీతో ముగిసింది.

ప్లాన్లు గీసి బతికేవాణ్ణి కనుక ఈ తగవులో నాకూ ఒక పక్షం ఉంది. ఇంటి మొత్తానికి ఒకే తీర్పు చెప్పబోవడం దగ్గరే ఇరుపక్షాలూ దారి తప్పాయనిపిస్తుంది.

స్థలాన్ని బట్టి ఇల్లు పుట్టాలనేది రైట్ జీవితమంతా పట్టుకున్న మాట. పెట్రా దీవిలోని పెద్ద బండను ఆయన పగలగొట్టమనలేదు, ఇంటిని దాని చుట్టూ తిప్పాడు. ఇప్పుడు గుమ్మంలో అడుగుపెడితే ఆ బండే ఎదురొస్తుంది. ఆయన గీసిన పేరున్న ఇల్లు ఫాలింగ్‌వాటర్‌లోనూ అంతే, జలపాతం పక్కన ఉన్న బండే హాల్లో నేలను చీల్చుకుని పొయ్యిగట్టు అయింది. త్రిభుజాల ప్లాను, నీటి మీదికి చాచిన కాంటిలీవర్ డెక్కు కూడా డ్రాయింగులో ఉన్నవే. ఇంతవరకూ ఇది నిస్సందేహంగా రైట్ ఇల్లు.

చిక్కంతా గోడ దగ్గర వచ్చింది. అరిజోనాలోని రైట్ స్థావరం టాలియెసిన్ వెస్ట్‌లో ఆయన శిష్యులు గోడ లేపిన తీరు చూడండి. ముందు చెక్కలతో సెంట్రింగ్ కొట్టేవారు. ఎడారిలో ఏరుకొచ్చిన రాళ్లను, చదునైన మొహం చెక్కకు ఆనేలా లోపల పేర్చేవారు. వెనక నుంచి కాంక్రీటు పోసేవారు. చెక్క ఊడదీస్తే రాయీ కాంక్రీటూ ఒకే మట్టంలో కనిపించేవి. ఆ చదును అలంకారం కోసం వచ్చింది కాదు, గోడ ఎలా పుట్టిందో చెప్పే ఆనవాలు. పెట్రాలో రాళ్లు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చాయి. గోడ మధ్యలో ఇన్సులేషన్ పెట్టాల్సిన ఈ రోజుల్లో పాత పద్ధతి కష్టమేనని ఒప్పుకుంటాను. అయినా పని తీరు మారాక గోడ చెప్పే మాట కూడా మారిపోతుంది. పదార్థం తన స్వభావాన్ని దాచకూడదన్న రైట్ సూత్రం అక్కడ నిలబడలేదు. కప్పులోని త్రిభుజాకారపు స్కైలైట్లను బల్లపరుపుగా కాకుండా బుడగల్లా ఉబ్బించారన్న విమర్శా ఉంది. రైట్ కప్పులు కారేవన్నది లోకానికి తెలిసిందే కనుక ఉబ్బెత్తు గాజు వాననీటికి మంచిదే. కానీ అడ్డంగా సాగిపోయే కప్పు గీతకు అది మాటిమాటికీ అడ్డుపడుతుంది.

రైట్ ఉండుంటే ఏం చేసేవాడన్నది పనికొచ్చే ప్రశ్న కాదు, సైటులో జవాబు ఎవరు చెప్పారన్నదే అసలు ప్రశ్న. మా షీట్ల మీద తొమ్మిది అంగుళాల గోడ అని ఉంటుంది. పాయింటింగ్ లోపలికి నొక్కాలా, మట్టంగా ఉంచాలా అన్నది మేస్త్రి తాపీ పట్టుకుని, ‘ఏం చెయ్యమంటారు సార్’ అని అడిగినప్పుడే తేలుతుంది. ఫాలింగ్‌వాటర్ సైటులో ఆ జవాబు చెప్పడానికి ఎడ్గార్ టాఫెల్, బాబ్ మోషర్ లాంటి శిష్యులు ఉన్నారు, వాళ్ల వెనక రైట్ ఉన్నాడు. పెట్రాకు మిగిలినవి కొద్దిపాటి డ్రాయింగులే. హైంజ్ ఎంత చదివినవాడైనా, ఆ జవాబులన్నీ ఆయన సొంతంగా చెప్పుకోవాల్సినవే.

మన దేశంలోనూ ఇలాంటి కాగితం ఒకటుంది. అహ్మదాబాద్‌లో సారాభాయ్‌ల కాలికో మిల్లుల కోసం 1940ల మధ్యలో రైట్ గీసిన దుకాణం కట్టకుండానే ఉండిపోయింది. రేపెవరైనా కడతామంటే నేను సంతోషంగా సరేనంటాను. రైట్ గీసిన గీతలు ఒక రంగులో, తర్వాత చేర్చినవి మరో రంగులో చూపించే షీటు మాత్రం గుమ్మం పక్కనే తగిలించమంటాను. పెట్రాలో కూడా ఇప్పటికైనా ఆ పని చేయొచ్చు.