ఎక్కించేది తాడు, దించేది పళ్ల చక్రం

ఆల్ప్స్‌లో ఒకే కొలతకు కుట్టినట్టుండే నడకలు రెండున్నాయి. మొదటిది స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రౌ ప్రాంతంలో. వెంగెన్ ఊళ్లో కేబుల్ కార్ ఎక్కి మెన్‌లిఖెన్ గట్టు మీద దిగాలి. అక్కణ్ణుంచి క్లైనె షైడెక్ అనే కనుమ దాకా నడిచి, పళ్ల పట్టాల రైల్లో కిందికి వచ్చేయాలి. రెండోది ఫ్రాన్స్‌లో, మోన్ బ్లాన్ పాదాల దగ్గరున్న షమొనీలో. ఊళ్లోనే కేబుల్ కార్ ఎక్కి ప్లాన్ ద లెగ్వీ అనే మధ్య స్టేషన్‌లో దిగి, మోంతాన్‌వేర్ దాకా నడిచి, అక్కడ ఎర్ర రైలెక్కి దిగిపోవాలి. రెండూ పూటలో అయిపోయేవే. ఎక్కుడు కష్టం రెండుచోట్లా యంత్రానిదే. గైడు పుస్తకం పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏదైనా ఒకటేలే అనిపిస్తుంది. నడిచినవాళ్లు ఆ మాట అనరు.

ఇలాంటి చోట్లను పోల్చేటప్పుడు ఏ శిఖరం ఎత్తు, ఏ దృశ్యం గొప్ప అన్న లెక్కతో మొదలుపెడతారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. యుంగ్‌ఫ్రౌ పక్కనున్న ఐగర్ శిఖరం గొప్పదా, మోన్ బ్లాన్ గొప్పదా అంటే ఎవరు చెప్పగలరు? రైళ్లూ కేబుల్ కార్లూ వాడుకుంటూ నడిచే సెలవులకు నేను పెట్టే పరీక్ష వేరు. యంత్రం మనల్ని ఎక్కడ వదులుతుంది, వదిలాక ఎంతసేపు మన మానాన మనల్ని ఉండనిస్తుంది?

నిజానికి ఈ యంత్రాలేవీ నడిచేవాళ్ల కోసం పుట్టలేదు. వెంగెన్ మీదుగా క్లైనె షైడెక్ దాటి గ్రిండెల్‌వాల్డ్‌కు దిగే రైలుమార్గం 1893లో వచ్చింది, కొండను దగ్గర్నుంచి చూడాలనుకునే సంపన్న యాత్రికుల కోసం. ఆ తర్వాత అడాల్ఫ్ గుయర్-జెల్లర్ అనే పారిశ్రామికవేత్త, ఐగర్ కడుపులోంచి సొరంగం తవ్వి యుంగ్‌ఫ్రౌ శిఖరం దాకా రైలు వేస్తానని 1896లో పని మొదలుపెట్టాడు. మూడేళ్లకే ఆయన పోయాడు. రైలు శిఖరం చేరలేదు. 1912లో 3,454 మీటర్ల ఎత్తున ఉన్న యుంగ్‌ఫ్రౌయోఖ్ దగ్గర ఆగింది, ఇప్పటికీ అక్కడే ఆగుతుంది. 1909లో పూర్తయిన మోంతాన్‌వేర్ రైలుదీ ఇదే కథ. అంతకు ముందు కంచర గాడిదల మీద వెళ్లి మేర్ ద గ్లాస్ హిమానీనదాన్ని చూసొచ్చేవాళ్లు. ఆ గాడిదల పని రైలు తీసుకుంది. చూసేవాళ్లకని వేసిన దారుల మధ్య మిగిలిపోయిన ఖాళీలే ఇవాళ మనం నడుస్తున్న బాటలు.

ఆ ఖాళీ మెన్‌లిఖెన్ వైపు చాలా చిన్నది. వెంగెన్ 1,274 మీటర్ల ఎత్తున ఉంటుంది. కేబుల్ కార్ అయిదారు నిమిషాల్లో ఇంకో తొమ్మిది వందల మీటర్ల పైచిలుకు ఎత్తి గట్టు మీద పెడుతుంది. ఆ పెట్టె నెత్తి మీద బాల్కనీ కూడా ఉంది, అదనంగా డబ్బు కడితే గాలికి ఎదురుగా నిలబడి పోవచ్చు. పైన రెస్టారెంటు, పిల్లలు ఆడుకోవడానికి చెక్కతో చేసిన పెద్ద ఆవు, ఆ పక్కనే పసుపుపచ్చ పలక. స్విస్ పలకల మీద కిలోమీటర్లు ఉండవు, గంటలూ నిమిషాలూ ఉంటాయి. క్లైనె షైడెక్‌కు గంటా ఇరవై నిమిషాలకు అటూ ఇటూ పడుతుంది.

బాట వెడల్పుగా, కంకర పరిచి ఉంటుంది. దాదాపు అంతా వాలే. చంటిపిల్లల బండి తోసుకుంటూ పోయేవాళ్లు కనిపిస్తారు. చుగ్గెన్, లౌబర్‌హోర్న్ కొండల తూర్పు పక్కను పట్టుకుని సాగుతుంది కాబట్టి ఎడమవైపు గ్రిండెల్‌వాల్డ్ లోయంతా కాళ్ల కింద పరుచుకుని ఉంటుంది. ఎదురుగా ఐగర్ ఉత్తరపు గోడ అడుగడుక్కీ పెద్దదవుతుంది. ఆవుల మెడగంటలు, మధ్యమధ్య స్కీ లిఫ్టుల స్తంభాలు. ఏ మలుపులో ఆగినా ఏదో ఒక స్టేషన్ ముప్పావు గంట లోపే. అందంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఇది నడక అనిపించుకోదు, ప్రపంచంలోకెల్లా గొప్ప వరండాలో పచారు చేయడం.

ఆ వరండాకు ఒక చీకటి గది కూడా ఉంది. క్లైనె షైడెక్ హోటల్ దగ్గర దుర్భిణులు పెట్టుకుని ఐగర్ గోడ ఎక్కేవాళ్లను జనం చూసేవాళ్లు. 1936 జులైలో నలుగురు యువకులు ఆ గోడ మీద చిక్కుకున్నారు. ముగ్గురు పోగా టోనీ కుర్ట్స్ ఒక్కడూ తాడుకు వేలాడుతూ మిగిలాడు. రక్షించడానికి వెళ్లిన గైడ్లు కొండను బయటనుంచి ఎక్కలేదు, రైల్లో వెళ్లారు. సొరంగం తవ్వేటప్పుడు రాళ్లు పారబోయడానికి పెట్టిన కంతలోంచి గోడ మీదికి వచ్చారు. అతను దాదాపు వాళ్ల చేతికందేంత దూరంలో, తాడు ముడి కొక్కెంలోంచి జారక, ప్రాణం వదిలాడు. గోడకు లోపలివైపు రైలు, బయటివైపు మనిషి. యంత్రం ఎంత దగ్గరికి రాగలదో, వచ్చినా ఏం చేయలేదో ఇంతకన్నా బాగా చెప్పే చోటు నాకు తెలియదు. గోడను మొదటిసారి ఎక్కింది రెండేళ్ల తర్వాత, 1938లో. ఇప్పుడు గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఆ గోడ పక్కగా ఐగర్‌గ్లెచర్ స్టేషన్‌కు 2020లో వచ్చిన గొండోలా పావుగంటలో చేరుస్తుంది.

షమొనీకి వద్దాం. ఊరి ఎత్తు 1,035 మీటర్లు. 1955లో మొదలైన ఎగ్వీ ద్యు మిదీ కేబుల్ కార్ రెండు అంచెల్లో 3,777 మీటర్ల దాకా పోతుంది. రెండో అంచెలో మధ్యన ఒక్క స్తంభం కూడా లేదు. రద్దీ రోజుల్లో ఏ పెట్టెలో ఎక్కాలో నంబరు వేసిన కాగితం చేతికిస్తారు, మన వంతు వచ్చేదాకా చూడాలి. తలుపులు మూసుకున్నాక డెబ్భై మందికి పైగా భుజం భుజం రాసుకుంటూ పైకి లేస్తారు. 2,317 మీటర్ల దగ్గర ప్లాన్ ద లెగ్వీలో తలుపులు తెరుచుకోగానే జనమంతా రెండో పెట్టె కోసం ఒకవైపు పరుగు తీస్తారు. నడిచేవాడు ఇంకోవైపు తలుపు తోసుకుని బయటపడతాడు. రెండు నిమిషాల్లో అంత రొదా ఆగిపోతుంది. ఆ ఒక్క తలుపు మెన్‌లిఖెన్‌లో లేదు.

ఇక్కడి బాట ముందు కాస్త దిగి కొండసత్రం పక్కగా పోతుంది, ఆ తర్వాత సూదిమొనల్లాంటి శిఖరాల అడుగున రాళ్లగుట్టలు, వాగులు, నేలబారు రోడోడెండ్రాన్ పొదలు దాటుకుంటూ సాగుతుంది. జూన్‌లో వెళ్తే అక్కడక్కడా మంచు పలకలు ఇంకా కరిగి ఉండవు. వాగు దాటడానికి రాయి మీద అడుగు పెట్టేముందు అది కదులుతుందేమో చూసుకోవాలి. ఈ చూసుకోవడమే తేడా. మెన్‌లిఖెన్ బాట మీద కళ్లు ఐగర్ మీద పెట్టి నడవొచ్చు, ఇక్కడ మోన్ బ్లాన్‌ను చూడాలంటే ఆగాలి. మధ్యలో ఇక చాలనిపిస్తే రోప్‌వే లేదు, స్టేషన్ లేదు. అడవిలోంచి ఊళ్లోకి వెయ్యి మీటర్ల దిగుడు మోకాళ్ల మీద వేసుకోవాల్సిందే. రెండున్నర గంటల బాట, ఆగి ఆగి వెళ్తే మూడు దాటుతుంది.

చివర్లో బాట చీలుతుంది. కింది దారి నేరుగా మోంతాన్‌వేర్‌కు పోతుంది. పై దారి మెలికలు తిరుగుతూ 2,198 మీటర్ల సిగ్నల్ ఫోర్బ్ దగ్గరికి ఎక్కుతుంది. పై దారే పట్టాలి. అంతసేపూ అటు పక్కేముందో తెలియనివ్వని గట్టు ఒక్కసారిగా అయిపోతుంది, ఎదురుగా నిట్టనిలువు డ్రూ శిఖరం, కింద మేర్ ద గ్లాస్. ఆ చూపు కోసం ఒళ్లు కాస్త వంచాం కాబట్టి అది మనదనిపిస్తుంది. యుంగ్‌ఫ్రౌయోఖ్ మీద అంతకన్నా పెద్ద హిమానీనదమే ఉంది. కానీ లిఫ్టు తలుపు తెరిచి చూపించిన మంచు ఎంత పెద్దదైనా ఎందుకో పోస్టర్‌లా ఉంటుంది.

కింద మోంతాన్‌వేర్‌లో మాత్రం గర్వపడటానికి ఏమీ లేదు. ఈ రైలు వేసిందే మంచును చూపించడానికి. ఆ మంచు వెళ్లిపోతోంది. 1816లో మేరీ షెల్లీ వచ్చినప్పుడు ఇక్కడిది అలలు గడ్డకట్టిన సముద్రం, తన ఫ్రాంకెన్‌స్టైన్ నవలలో సృష్టికర్తనూ అతని సృష్టినీ దాని మీదే ఎదురుపడేలా చేసింది. ఇప్పుడు స్టేషన్ దగ్గర నిలబడితే కనిపించేది బూడిదరంగు రాళ్లు కప్పిన లోతైన గొయ్యి. మంచు గుహ దగ్గరికి దించడానికి 1988లో చిన్న గొండోలా పెట్టారు. అప్పుడు దిగగానే మంచు. ఏడాదికేడాది మెట్లు కలుపుతూ పోగా అవి అయిదు వందలు దాటాయి. ఏ సంవత్సరం మంచు ఎంత మట్టాన ఉండేదో చెప్పే పలకలు ఆ దారిపొడవునా పెట్టారు. చివరికి 2024లో లోయ ఎగువన కొత్త గొండోలా తెరిచారు. మంచు వెనక్కి పోతుంటే యంత్రం దాని వెంట పడుతోంది.

దించే రైళ్లు రెండూ ఒక జాతివే. పట్టాల నడుమ పళ్లున్న కడ్డీ ఉంటుంది, బండి కిందున్న పళ్ల చక్రం అందులో కొరుకుతూ పోతుంది. మన నీలగిరి రైలుది ఆప్ట్ పద్ధతి, వాటి పళ్ల అమరిక కాస్త వేరు, అంతే. ఊటీ బండి తొలి ఎక్స్ క్లాస్ ఆవిరి ఇంజన్లు స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్ నుంచి వచ్చినవే. ఊటీలో వాలు పన్నెండుకు ఒకటి. మోంతాన్‌వేర్‌లో నూటికి 22 మీటర్ల దాకా లేస్తుంది, వెంగెన్ వైపు ఇంకొంచెం ఎక్కువే. కిటికీ చట్రంతో పోలిస్తే బయటి చెట్లన్నీ ఒరిగిపోయినట్టు కనిపిస్తాయి.

ఇంతవరకు షమొనీ పక్షాన మాట్లాడాను. ఏర్పాట్ల సంగతికి వస్తే తక్కెడ వెంగెన్ వైపు మొగ్గుతుంది. గాలి ఎక్కువై కేబుల్ కార్లు ఆపేశారనుకుందాం. వెంగెన్‌లో ఉన్నవాళ్లు రైల్లో క్లైనె షైడెక్ వెళ్లి అటువైపు నుంచి నడవొచ్చు, నూట డెబ్భై మీటర్ల ఎక్కుడు అదనం. షమొనీలో మోంతాన్‌వేర్ నుంచి తిరగదోడి నడిస్తే నాలుగు వందల మీటర్లు ఎక్కాలి, పైకి చేరినా దించే పెట్టె నడవదు. స్విస్ బళ్లు ఒకదాని కోసం ఒకటి కాచుకుని ఉన్నట్టు దొరుకుతాయి. స్విస్ ట్రావెల్ పాస్ వెంగెన్ దాకా చెల్లుతుంది, ఆపైన రాయితీ మాత్రమే. ఒక్కచోట జాగ్రత్త. ఇంటర్‌లాకెన్ నుంచి వచ్చే రైలు త్స్వైలూచినెన్‌లో రెండుగా విడిపోతుంది, కూర్చున్న పెట్టెను బట్టి లౌటర్‌బ్రునెన్ చేరతారో గ్రిండెల్‌వాల్డ్ చేరతారో తేలుతుంది.

హైదరాబాద్ నుంచి వెళ్లే ప్యాకేజీ బృందాలకు ఈ రెండు బాటలూ లెక్కలో లేవు. యుంగ్‌ఫ్రౌయోఖ్ ఎక్కి, అక్కడి బాలీవుడ్ రెస్టారెంటులో భోంచేసి, మంచులో ఫొటో దిగి, చీకటి పడేలోపు హోటల్‌కు. రైల్లో వెళ్లేవాళ్లు క్లైనె షైడెక్‌లో బండి మారతారు, మెన్‌లిఖెన్ బాట ప్లాట్‌ఫారానికి కొద్ది అడుగుల్లో మొదలవుతుంది. తప్పు వాళ్లది కాదు, ప్రోగ్రాం షీటులో నడకకు గంటన్నర ఎవరూ రాయరు. అమ్మానాన్నలతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు ఆ గంటన్నర అడిగి మరీ రాయించుకోవాలి. వాళ్లకు షమొనీ బాట నేను చెప్పను. కాళ్లు, వాతావరణం రెండూ బాగున్నవాళ్లకైతే మెన్‌లిఖెన్ వదిలేసినా నష్టం లేదంటాను, ఐగర్ రైల్లోంచీ కనిపిస్తుంది.

రెండుచోట్లా ఆఖరి రైలు ఎన్నింటికో పొద్దున్నే స్టేషన్లో కనుక్కోవాలి. మోంతాన్‌వేర్‌లో అది తప్పిపోతే షమొనీకి అడవి దారిన సుమారు రెండు గంటల దిగుడు. క్లైనె షైడెక్‌లో తప్పితే వెంగెన్‌కూ దాదాపు అంతే. మెన్‌లిఖెన్ బాటలో నడక చాలలేదనుకున్నవాళ్లు కావాలనే ఆ రైలు వదిలేయొచ్చు.