పాములగుట్ట, పెంపకపు పుస్తకం

విద్య, ఇంజనీరింగు, విజ్ఞానరంగాల్లో పేరుపొందిన వారి జీవితాలను మీరు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు. ఎవరు ఏ సంస్థకు అధిపతి అయ్యారు, ఏ సంవత్సరంలో ఏ గౌరవం పొందారు అన్న వివరాలే వాటిలో ఎక్కువ. వారు తమ పనిని గురించి ఏం రాసిపెట్టారన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఈ లోటు ఎంతటిదో తెలియాలంటే పాత కలకత్తాలోని రెండు జంతుశాలలను, వాటిని గురించిన రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటి జంతుశాల మెటియాబ్రుజ్‌లో ఉండేది. హుగ్లీ నది తూర్పు ఒడ్డున ఉన్న ఈ పేట ఇప్పుడు దర్జీపనికి ప్రసిద్ధి. పేరుకు అర్థం మట్టిబురుజు. 1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలుపుకున్నాక నవాబు వాజిద్ అలీ షా కలకత్తా చేరాడు. మధ్యలో కొంతకాలం ఫోర్ట్ విలియంలో బందీగా గడిపినా, 1887లో మరణించేదాకా మెటియాబ్రుజే ఆయన నివాసం. అక్కడ మేడలు కట్టించాడు, వాటి మధ్య పక్షులను, మృగాలను పెంచాడు.

ఆ వైభవాన్ని మనకు చెప్పినవాడు ఉర్దూ రచయిత అబ్దుల్ హలీమ్ షరర్. ఆయన 1860లో పుట్టాడు, తండ్రి నవాబు కొలువులో ఉండటం వల్ల బాల్యం అక్కడే గడిపాడు. లక్నో సంస్కృతిని గురించి 1913 నుంచి తన పత్రికలో రాసిన వ్యాసాల్లో మెటియాబ్రుజ్‌ను కూడా వర్ణించాడు. 1975లో వాటికి ఆంగ్లానువాదం వచ్చింది.

అందులో అన్నిటికన్నా ఆసక్తికరమైనది పాములగుట్ట. లోతైన తొట్టి, దాని గోడలు నున్నగా లోపలికి వంగి ఉంటాయి. నడుమ కృత్రిమ గుట్ట, దాని నిండా గొట్టాలు. గుట్ట చుట్టూ నీళ్లు, ఆ నీళ్లలో కప్పలు. పాములు గొట్టాల్లోంచి వచ్చి కప్పలను వేటాడుతుంటే జనం ఒడ్డున నిలబడి చూసేవారట. ఈ కట్టడంలో తెలివి ఉంది. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. ఎండకూ నీడకూ మారుతూ దాన్ని సర్దుకుంటుంది. గుట్ట మీద ఎండ, గొట్టంలో చల్లదనం, పక్కన తేమ. ఇంతకన్నా ఆ కాలంలో ఎవరైనా ఏం చేయగలరు?

కానీ షరర్ రచనను శాస్త్ర విద్యార్థిగా చదివితే చేతికి ఏమీ అందదు. అవి ఏ జాతుల పాములు? నల్లత్రాచు ఇతర పాములను తింటుంది కాబట్టి దాన్ని అందులో వదిలారా లేదా? ఎన్ని గుడ్లు పెట్టాయి, ఎన్ని పిల్లలు బతికాయి? చలికాలంలో ఎన్ని చచ్చాయి? ఒక్కదానికీ జవాబు లేదు. పైగా ఇటువంటి ఏర్పాటు యూరప్‌లో కూడా అంతకుముందు లేదని షరర్ గర్వంగా రాస్తాడు. లండన్ జంతుశాలలో సరీసృపాల గృహం 1849లోనే మొదలైంది. అయితే అది గదుల్లో పెంపకం, ఇది ఆరుబయట. ‘ఆరుబయట’ అన్న ఒక్క మాట చేర్చి ఉంటే ఆ గర్వానికి కొంత ఆధారం దొరికేది. ముప్ఫై ఏళ్లు దాటాక బాల్యస్మృతి నుంచి రాసిన సాహిత్యకారుణ్ణి తప్పుపట్టి లాభం లేదు. అడగవలసింది నవాబును. అంతమంది కాపరులను పోషించినవాడు ఒక్క గుమాస్తాతో పాముల లెక్క రాయించి ఉంటే? ఆయన పోయాక ఆస్తిపాస్తులు అమ్ముడుపోయాయి, కొలువు చెదిరిపోయింది. కాపరుల అనుభవం వారితోనే పోయింది.

రెండవది అక్కడికి కొద్ది మైళ్ల దూరంలోని అలీపూర్ జంతుశాల, 1876లో తెరిచారు. దాని తొలి భారతీయ సూపరింటెండెంటు రామబ్రహ్మ సాన్యాల్. వైద్య కళాశాలలో చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి. దిగువ బెంగాల్‌లో బందీ జంతువుల పోషణను గురించి 1892లో ఆయన ఆంగ్లంలో వెలువరించిన చేతిపుస్తకం చదవడానికి హాయిగా ఉండదు. వర్ణన తక్కువ. ఒక్కో జంతువుకు ఏ ఇల్లు కావాలి, ఏం పెట్టాలి, పిల్లలను కన్నదా, జబ్బు చేస్తే ఏమి చేశారు అన్నవే ఉంటాయి. ‘నేచర్’ పత్రిక దాన్ని సమీక్షించింది.

సాన్యాల్ హయాంలో, 1889లో, అలీపూర్‌లో సుమత్రా ఖడ్గమృగం పిల్లను కన్నది. ఆ తరువాత ఏ జంతుశాలలోనూ ఆ జాతి పిల్ల పుట్టింది 2001లోనే, అమెరికాలోని సిన్సినాటిలో. నడుమ 112 సంవత్సరాలు! సిన్సినాటి శాస్త్రజ్ఞులు అల్ట్రాసౌండుతో, హార్మోను పరీక్షలతో ఒక సంగతి కనిపెట్టారు: ఈ జాతిలో జోడుకట్టిన తరువాతే ఆడదానిలో అండం విడుదలవుతుంది. సాన్యాల్‌కు ఆ పరికరాలు లేవు. కంటితో చూసింది రాయడం మాత్రం చేశాడు. నేడు ఆ ఖడ్గమృగాలు ప్రపంచం మొత్తం మీద 50 కూడా ఉండవని అంచనా. అంటే పాత సూపరింటెండెంటు రాసిన ప్రతి వాక్యమూ ఇప్పుడు పనికివచ్చేదే.

ఇక సాన్యాల్ పుస్తకంలోని లోపం. అది స్తన్యజీవుల గురించి, పక్షుల గురించి చెప్పి ఆగిపోతుంది. పాములు లేవు. మెటియాబ్రుజ్ కాపరులకు బాగా తెలిసిన విద్యే అది. గుట్ట యజమాని పోయిన అయిదేళ్లకే పుస్తకం వచ్చింది, ఆ కాపరుల్లో కొందరైనా అప్పటికి బతికి ఉండాలి. వారిని అడిగి రాసే పని ఎవరూ తలపెట్టలేదు. అంతకు వందేళ్ల ముందే విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన పాముల గ్రంథంలో స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. ఆ తరువాత రస్సెల్ పేరే పెట్టిన పామును ఇక్కడివారు ‘కాటుక రేకుల పొడ’ అనేవారని మనకు తెలిసింది అందువల్లే. మెటియాబ్రుజ్ గుట్ట మీది పాముల్లో ఒక్కదాన్ని కాపరులు ఏమని పిలిచేవారో షరర్ చెప్పడు, సాన్యాల్ కూడా చెప్పడు.