ముందునాటి సాయంకాలము

పుష్యమాసము ప్రవేశించునప్పటికి నిజామాబాదు జిల్లా వేల్పూరు పరిసరములందలి పసుపుచేలలో ఆకు పండి నేలకు వాలును. తొలకరినాడు నాటిన దుంప, ఎనిమిది తొమ్మిది మాసములు భూగర్భమున పెరిగి, త్రవ్వకమునకు సిద్ధమగును. త్రవ్విన పసుపులో కొమ్మును, మండను వేరుచేసి రెండు మూడు దినములలో ఉడికింపవలెను. ఉడికినదానిని కళ్ళమున పరచి పది పదునైదు దినములు ఎండబెట్టవలెను. ఎండినదానిని డ్రమ్ములో త్రిప్పి మెరుగుపెట్టి, బస్తాలకెత్తి, నిజామాబాదు మార్కెట్టు యార్డునకు చేర్పవలెను. ఈ పరంపరలో దాదాపు ప్రతి ఘట్టమునందును నేడు ట్రాక్టరు కలదు: దుంపను మోయునది అది, ఆవిరి బాయిలరును చేనినుండి చేనికి ఈడ్చునది అది, పలుచోట్ల మెరుగుడ్రమ్మును త్రిప్పునదియు అదియే. అందుచేత ఏడాది పొడవునను రైతు ఎంత శ్రమించినను, ఆ శ్రమఫలము చిట్టచివర ఒక యంత్రము వేకువజామున కదలుటపై ఆధారపడియున్నది.

సరిగ్గా ఆ వేకువజాముననే ఈ ప్రాంతమున చలి తీవ్రముగ నుండును. కూలీలు వచ్చి కూర్చుందురు, బాయిలరు క్రింద కట్టెలు పేర్చియుండును, సెల్ఫ్ కొట్టినకొలది ఇంజను మూలుగునే గాని రగులుకొనదు. అప్పుడు ఎవరో ఒకరు "డీజిల్ గడ్డకట్టింది" అందురు. ఈ మాటను నేను అనేక పర్యాయములు విని, అందలి సత్యమెంత యని విచారించితిని. విచారింపగా తేలినదేమన, ఆ మాట వేల్పూరున చాలవరకు నిజము కాదు. కాని దానిని త్రోసిపుచ్చుటకును వీలులేదు. ఈ రెంటి నడుమనున్న విషయము రైతునకు మిక్కిలి ఉపకరించునది కావున నేటి వ్యాసమును దానికే వినియోగించుచున్నాను.

డీజిల్ ఏకద్రవ్యము కాదు. అనేక హైడ్రోకార్బనుల మిశ్రమమైన ఆ చమురునందు కొవ్వొత్తుల మైనమునకు జ్ఞాతియైన ప్యారాఫిన్ కరగియుండును. చలికాలమున మన ఇండ్లలోని కొబ్బరినూనె మొదట మసకబారి, పిమ్మట తెల్లని పలుకులుగ మారి, తుదకు సీసా వంచినను జారకుండునట్లు, డీజిల్ నందలి ఈ మైనము కూడ శీతలము హెచ్చినకొలది మూడవస్థలను పొందును. మొదటి అవస్థలో చమురు మసకబారును; రెండవదానిలో ఆ సూక్ష్మస్ఫటికములు ఫిల్టరు రంధ్రములను మూసివేయును; మూడవదానిలో చమురే ప్రవహింపక నిలిచిపోవును. రైతునకు ముఖ్యమైనది రెండవ అవస్థ. ఏలయన ట్యాంకులో చమురు ఇంకను ద్రవముగనే కనబడుచుండగా, ఫిల్టరు మూసికొనిపోయి ఇంజనునకు ఆహారము అందకుండును. ప్రయోగశాలలయందు దీనిని కొలుచు పద్ధతి సరళమైనది: చమురును క్రమముగ చల్లార్చుచు, ఇరువది మిల్లీలీటర్లు ఒక సన్నని తీగెవలగుండ అరువది సెకండ్లలో పోజాలని ఉష్ణోగ్రత ఏదో, దానిని ఆ చమురునకు హద్దుగ నిర్ణయింతురు.

మన దేశమున డీజిల్‌కు ఐ.ఎస్. 1460 అను ప్రమాణము కలదు. అందు నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు గల నాలుగు మాసములను శీతకాలముగను, తక్కిన కాలమును వేసవిగను విభజించిరి. ఫిల్టరు మూసికొనుటకు అనుమతించిన గరిష్ఠ ఉష్ణోగ్రత శీతకాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు. ప్రవాహము నిలుచుటకు అనుమతించినది క్రమముగ 3 డిగ్రీలు, 15 డిగ్రీలు. ఈ అంకెలను వేల్పూరు చలితో సరిపోల్చిచూడవలెను. ఇచ్చట డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగుట సామాన్యము. కొన్ని రాత్రులు అంతకన్నను దిగుటయు కలదు. కావున శీతకాలమున బంకునందు కొన్న డీజిల్ ఈ ఊరిలో గడ్డకట్టుట అరుదు. కాని ధర పెరుగునను భయముతోనో, కోతల వేళ బంకు దూరమగునను ఆలోచనతోనో సెప్టెంబరులో కొని డ్రమ్ములో దాచిన డీజిల్ వేసవి ప్రమాణమునకు చెందినది. శుద్ధిశాలనుండి వచ్చు సరుకు సాధారణముగ ఆ హద్దుకన్న మేలుగనే ఉండవచ్చును గాని, ప్రమాణము మాత్రము దానికి 18 డిగ్రీలవరకు అనుమతి నిచ్చియున్నది. అట్టి చమురు తొమ్మిది డిగ్రీల రాత్రి ఆరుబయట నిలిచినచో ఫిల్టరులో మైనము పేరుకొనుట అసంభవము కాదు. ఒక ఋతువు సరుకును మరియొక ఋతువునకు దాచిపెట్టుటయే ఇచ్చటి అసలు ప్రమాదము.

ఇంతకన్న తరచైన శత్రువు వేరొకటి కలదు, అది నీరు. పగలు పనిచేసి సగము ఖాళీయైన ట్యాంకులో మిగిలిన చోటినంతటిని తేమగల గాలి ఆక్రమించును. రాత్రి లోహము చల్లబడగనే ఆ తేమ ట్యాంకు లోగోడలపై బిందువులుగ ఏర్పడి క్రిందికి జారును. డీజిల్‌కన్న బరువైనది కావున అడుగునకు చేరును. ఒక్క రాత్రిలో చేరునది స్వల్పమే. కాని చలికాలమంతయు ప్రతిరాత్రియు చేరునది స్వల్పము కాదు. నీరును డీజిలును కలియు సరిహద్దున సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురును పుట్టించును. దానివలనను ఫిల్టరు మూసికొనిపోవును. పొద్దున ఇంజను కదలనప్పుడు రైతు గడ్డకట్టిన డీజిల్ యని తలచునది పెక్కు పర్యాయములు ఈ జిగురో, ఈ నీరో, కానిచో చలికి శక్తి తగ్గిన బ్యాటరీయో అయియుండును. డీజిల్ ఇంజనునందు నిప్పురవ్వ లేదు. గాలిని బలముగ అదిమినప్పుడు పుట్టు వేడియే చమురును మండించును. బ్యాటరీ నీరసించి ఇంజను మెల్లగ తిరిగినచో ఆ వేడి చాలదు. చమురు ఎంత శుద్ధమైనను రగులుకొనదు.

కష్టము వచ్చిన పిమ్మట జనులు చేయు ప్రతిక్రియలలో కొన్ని కష్టముకన్న కీడైనవి. కిరోసిన్ కలుపుట వానిలో మొదటిది. కిరోసిన్ కలిపినచో మైనము పేరుకొను ఉష్ణోగ్రత కొంత తగ్గునన్న మాట వాస్తవమే. కాని డీజిల్ పంపునకు కందెనగ ఉపయోగపడునది డీజిలే. 2020 ఏప్రిలు 1 నుండి దేశమంతట అమలునకు వచ్చిన బి.ఎస్. 6 కాలుష్యప్రమాణపు డీజిల్‌లో గంధకము పది లక్షల పాళ్ళకు పది పాళ్ళకు మించదు. గంధకమును తొలగించు ప్రక్రియలో చమురునకు సహజమైన జిడ్డుతనము కొంత నశించుటచే శుద్ధిశాలలు దానిని వేరుగ చేర్చుచున్నవి. అట్టిదానియందు కిరోసిన్ పోసి పలుచన చేయుట, పంపును చేజేతుల అరగదీయుటయే. అది చట్టరీత్యా కల్తీయు నగును. పెట్రోలు కలుపుట అంతకన్న ఘోరము. అతితేలికగ అంటుకొను దాని ఆవిరి ప్రాణాపాయకరము. ట్యాంకు క్రింద మంటపెట్టుట గూర్చి చెప్పనక్కరలేదు. ఎండుటాకులును కట్టెలును పరచియున్న పసుపు కళ్ళమున ఒక్క నిప్పుకణిక చాలును.

శీతలదేశములందు డీజిల్ గడ్డకట్టకుండ కొన్ని ద్రవ్యములను కలుపుదురు. వాని స్వభావమును తెలిసికొన్నప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యమే ఈ వ్యాసమునకు మూలము. అవి మైనమును పుట్టకుండ జేయజాలవు. పుట్టిన స్ఫటికములు పెద్దవిగ పెరిగి ఒకదానితో నొకటి పెనవేసికొనకుండ మాత్రము అడ్డుపడును. కావున చమురు మసకబారకముందే, అది ఇంకను వెచ్చగ, నిర్మలముగ ఉన్నప్పుడే వానిని కలుపవలెను. గడ్డకట్టిన పిమ్మట ఎంత పోసినను ప్రయోజనము శూన్యము. అనగా రసాయనశాస్త్రము చెప్పుచున్నదియు, నేను ఈ ప్రాంతపు వృద్ధరైతునొకనినుండి వినినదియు ఒక్కటే. ఆయన తన కుమారునితో, "పొద్దుగూకంగనే టాంకి నింపి పెట్టు బిడ్డా, పొద్దుగాల చలిల నిలవడి డీజిల్‌ను తిడితె ఫాయిద లేదు" అనగా, అతడు "సరే నాయినా" యని క్యాను నెత్తుకొని కదలెను. ఆ పెద్ద మనుష్యుడు స్ఫటికములను గూర్చి చదివియుండలేదు. కాని చలికి విరుగుడు చలి రాకముందే చేయవలెనని ఎరుగును.

ఆ సాయంకాలపు పని దీర్ఘమైనది కాదు. పని ముగిసి, ఇంజనును ఆపి కొంత చల్లారనిచ్చి, రాత్రి చలి సోకకముందే ట్యాంకు నింపవలెను. తేమగాలికి చోటు లేనిచో నీటికి పుట్టుక లేదు. అయితే అంచువరకు నింపరాదు: అరువది లీటర్ల చమురు ఇరువది డిగ్రీలు వేడెక్కినచో ఇంచుమించు ఒక లీటరు వ్యాకోచించును గనుక, మధ్యాహ్నపు ఎండకు ఆ మాత్రము చోటు విడువవలెను. బ్యాటరీ కొనలను తుడిచి బిగింపవలెను. ట్రాక్టరును ఆరుబయట కాక పాకలోనో, గోడ చాటుననో నిలుపవలెను. ఉదయమున ఇంజనును కదల్పకముందే వాటర్ సెపరేటరు అడుగునున్న మరను విప్పి, స్వచ్ఛమైన డీజిల్ వచ్చువరకు నీటిని వదలవలెను. రాత్రి నిశ్చలతలో అడుగునకు చేరిన నీరు ఇంజను తిరిగిన పిమ్మట మరల చమురులో కలిసిపోవును. ఇంజనును ముందుగ వేడెక్కించు గ్లో ప్లగ్గులు గల బండియైనచో వానికి కావలసిన సెకండ్లను ఓపికతో ఇయ్యవలెను. పంటకాలమునకు ముందే ఫిల్టరును మార్చి, గాలి తీసి సిద్ధము చేసికొనవలెను. డీజిల్ దాచు పాత్ర జింకు పూత పూసిన రేకుది కారాదు. జింకు చమురుతో కలిసి అడుగున మడ్డిని పుట్టించును.

వేల్పూరునకు ఇంత పని యేల యని అడుగువారుందురు. లడాఖ్ నందు ఈ ప్రశ్న ఉదయింపదు. అచ్చటివారికై ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీలవరకు గడ్డకట్టని ప్రత్యేకమైన డీజిల్‌ను పానిపట్టు శుద్ధిశాలయందు తయారుచేసి, 2019 నవంబరులో అమ్మకమునకు తెచ్చినది. మనకు అట్టి చలి లేదు. కాని మన డీజిల్ స్వరూపము వృక్షతైలములవైపు మారుచున్నది. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుసెనగ నూనెతో నడిపిరి. శతాబ్దము గడచినపిమ్మట, మనకు గోదావరి ఆవలనున్న ఆదిలాబాదు అడవులలో, జైనూరు మండలపు పవర్‌గూడ గిరిజనస్త్రీలు కానుగమొక్కలు నాటి, గింజల నూనె తీసి, వాతావరణమునకు తాము తగ్గించు 147 టన్నుల కర్బనవాయువునకుగాను 2003లో ప్రపంచబ్యాంకునుండి ధనము పొందిరి. ఆ త్రోవ గౌరవింపదగినది. 2018 నాటి జాతీయ జీవఇంధన విధానము 2030 నాటికి డీజిల్‌లో నూటికి 5 పాళ్ళు బయోడీజిల్ కలుపవలెనని లక్ష్యముంచినది. అయితే వృక్షతైలములనుండి పుట్టిన ఇంధనము ఖనిజ డీజిల్‌కన్న ముందుగ చిక్కబడును, నీటిని అధికముగ ఇముడ్చుకొనును, దీర్ఘకాలము నిలువయుండదు. కావున నేడు అరుదైన కష్టము రేపు అరుదు కాకపోవచ్చును. నేటినుండి అలవరచుకొన్న జాగ్రత్త అప్పుడు వ్యర్థము కాబోదు.

నిజామాబాదు కేంద్రముగ జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమైనది. వేల్పూరు మండలపు పడగల్ నందు సుగంధద్రవ్యముల పార్కు వెలసినది. పసుపు ధరను గూర్చియు, వంగడములను గూర్చియు అచ్చట చర్చ జరుగుట సహజము, ఆవశ్యకము. దానితోపాటు, త్రవ్వకములకు పూర్వము రైతులును, ట్రాక్టరు నడుపు యువకులును కూడి, ఇంధనమును రక్షించుకొను విధానమును ఒక పూట అభ్యసించుటకు ఏర్పాటు జరుగవలెనని నా కోరిక. సకాలమున ఉడకని పసుపును ఏ బోర్డును బాగుచేయజాలదు గదా. అంతవరకు ఆగనక్కరలేని పని ఒకటి కలదు. ఇంటనున్న ప్రతి డీజిల్ డ్రమ్ముపైనను దానిని కొన్న మాసమును సుద్దముక్కతో వ్రాయుడు. నవంబరునకు ముందు కొన్నదానిని ఇంకను పగటివేడిమి గల దినములలోనే వాడి ముగింపుడు. చలిదినములకు చలికాలపు చమురునే కొనుడు.